దొరలు వెళ్ళాక ఎవరి లెక్క వాళ్ళది

తెల్లవాళ్ళ పాలన పోయాక మన రాజకీయాల్లో, మన బుర్రల్లో ఏం మిగిలిందో రాయమని పోయిన సంచికలో అడిగాం. ఉత్తరాలు చాలానే వచ్చాయి. సగం ఉత్తరాల్లో మెకాలేని తిట్టారు, వాటిని పక్కన పెట్టాను. ఇంటి గొడవల్లోంచి పుట్టిన ప్రశ్నలు నాలుగు దొరికాయి. నేను కాకినాడలో డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరైన మనిషిని, సైకాలజీ నా సబ్జెక్టు కాదు. మీరు మనసు గురించి అడిగినా నా చెయ్యి ముందు కాగితాల కట్ట మీదకే పోతుంది. అలవాటు, ఏం చేస్తాం.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మమ్మ చెల్లెలి కుటుంబం యానాంలో ఉంటుంది. ఆ ఇంటి పెద్దాయన తండ్రిగారు ఫ్రెంచి సైన్యంలో పనిచేశారట. ఇప్పటికీ ఆ ఇంట్లో "ఫ్రెంచివాళ్ళ టైమే బాగుండేది" అంటారు. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి మొన్న పెళ్ళిలో "ఇది బానిస బుద్ధి తాతయ్యా" అని మొహం మీదే అనేశాడు. ఆయన భోజనం చెయ్యకుండా లేచి వెళ్ళిపోయారు. ఎవరిది తప్పు?
– ఒక పాఠకురాలు, తాళ్ళరేవు

జవాబు: అమ్మా, పెళ్ళిపందిట్లో పెద్దాయన్ని విస్తరి ముందు నుంచి లేపడం వరకు మీ అబ్బాయిదే తప్పు. చరిత్ర దగ్గరికొస్తే ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు.

యానాం అంటే ఎంతండీ, 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మన గోదావరి జిల్లాలే. భాష మనదే, పులస కోసం అప్పు చేసే బుద్ధీ మనదే. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న ఏళ్ళు తీసేస్తే, 1730ల నుంచి అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. 1947 ఆగస్టు 15న మీ తాళ్ళరేవులో మువ్వన్నెల జెండా ఎగిరితే, పక్కనే యానాంలో ఫ్రెంచి జెండా అలాగే ఉంది. ఇంకో ఏడేళ్ళు ఉంది.

ఆ సరిహద్దు గీతతో లాభపడింది యానాం వాళ్ళొక్కరే అనుకోకండి. 1930లో శారదా చట్టం అమల్లోకొచ్చి ఇంగ్లీషు ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి. యానాంలో ఆ చట్టం చెల్లదు. దాంతో మన వైపు పెద్దలు, ఖద్దరు కట్టిన వాళ్ళతో సహా అని నా అనుమానం, పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి మూడుముళ్ళు వేయించి వచ్చేసేవారు. కళ్యాణపురం అని దానికి పేరొచ్చింది అందుకే. మంగళవారం సంతలో పన్ను లేని విదేశీ సరుకు కొనుక్కొచ్చిందీ మన వైపు వాళ్ళే. ఇవాళ కాకినాడ నుంచి శనివారం సాయంత్రం యానాం రోడ్డు పట్టే బైకులు ఎందుకు వెళతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చెక్‌పోస్టు పోలీసుకి బాగా తెలుసు. ఫ్రెంచివాళ్ళు పోయినా ఆ గీతకి గిరాకీ పోలేదు.

ఇక 1954. మే 7న వియత్నాంలో దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం చిత్తుగా ఓడిపోయింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం యానాంలో పాలనని చేతుల్లోకి తీసుకుని ఫ్రెంచి జెండా దించేశారు. ఈ రమణయ్యగారు అంతకుముందు ఫ్రెంచి పోలీసు శాఖలోనే ఉద్యోగం చేసిన మనిషి, యానాం బిడ్డ. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేస్తే 170 మంది ఇండియాలో కలుద్దామన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగూ మన ప్రభుత్వం చేతికొచ్చాయి.

క్లాసులో ఇక్కడ నేను కాస్త ఆగేవాణ్ణి. సరిగ్గా అదే 1954 నవంబరు 1 తెల్లవారుజామున అల్జీరియాలో పోలీసు ఠాణాల మీద, సైనిక శిబిరాల మీద దాడులు మొదలయ్యాయి. ఏడున్నరేళ్ళు సాగి లక్షల ప్రాణాలు తీసిన యుద్ధానికి అది మొదటి రోజు. అదే సామ్రాజ్యం, అదే తేదీ. ఇక్కడ సంతకాలతో అయిపోయింది, అక్కడ రక్తం ఏరులై పారింది. ఫ్రెంచివాళ్ళకి మన మీద ప్రేమ ఎక్కువని కాదు లెండి. అల్జీరియాలో దాదాపు పది లక్షల మంది యూరోపియన్లు మంచి భూములన్నీ పట్టుకుని కూర్చున్నారు. యానాంలో వదులుకోవడానికి వాళ్ళకి ద్రాక్షతోటలేం ఉన్నాయి?

అయితే మన కథ కూడా 1954తో ముగియలేదు. పాలన ఇచ్చారు గాని చట్టప్రకారం హక్కు వదులుకోలేదు. ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. దాన్ని పారిస్ పార్లమెంటు ఆమోదించేసరికి 1962 జూలై వచ్చింది. అంటే అల్జీరియా చేజారిన నెల. 1962 ఆగస్టు 16న కాగితాలు మార్చుకున్నారు. ఆ రోజు నుంచి ఆరు నెలలు గడువు. ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోతాం అనుకునేవాళ్ళు రాసి ఇవ్వాలి. రాసి ఇవ్వని వాళ్ళు భారతీయులైపోతారు.

మీ అబ్బాయికి నేను చెప్పదలుచుకున్నది ఈ ఆరు నెలల గురించే. మనకి స్వాతంత్ర్యం వచ్చిన రోజున మీరు ఇండియనా, ఇంగ్లీషువారా అని మనల్ని ఎవరూ ఇల్లిల్లూ తిరిగి అడగలేదు. వాళ్ళని అడిగారు. మొగుడూ పెళ్ళాం, అన్నా తమ్ముడూ కూర్చుని తేల్చుకోవాలి. నాతో చదువుకున్న ఒక యానాం మిత్రుడి ఇంట్లో పెదనాన్న రాసిచ్చారు, తండ్రి రాసివ్వలేదు. పెదనాన్న పిల్లలు ఇప్పుడు పారిస్ శివార్లలో ఉన్నారు. మా వాడు యానాంలోనే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళింట్లో ఒక ట్రంకుపెట్టె ఉండేది. అందులో అడుగున, వాళ్ళ తాతగారి సైనిక సర్వీసు పుస్తకం పసుపు గుడ్డలో చుట్టి పెట్టేవారు. మీసాల వెంకన్న గుడి ప్రసాదం పొట్లమూ అందులోనే. నాయనమ్మకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు గాని, ఏటా తాను బతికే ఉన్నట్టు సర్టిఫికెట్ రాయించి పంపాలని, దాని మీద ఏ ముద్ర ఎక్కడ పడాలో వేలితో చూపించేది. ముద్ర వంకరగా పడితే ఆ పూట ఇంట్లో అందరికీ టెన్షనే. ఆవిడ దృష్టిలో ఫ్రాన్సంటే నెపోలియనూ కాదు, విప్లవమూ కాదు. మొగుడు పోయాక కూడా టైముకి డబ్బు పంపించిన ఆఫీసు.

ఇంకో సంగతి. 1881లో ఫ్రెంచివాళ్ళు ఒక డిక్రీ తెచ్చారు. మా కులాచారాలు, మా పర్సనల్ లా మాకొద్దు, ఫ్రెంచి సివిల్ కోడ్ కిందకి వస్తాం అని సంతకం పెట్టి, కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. పాండిచ్చేరిలో, కారైకాల్‌లో అలా సంతకం పెట్టినవాళ్ళలో క్రైస్తవులు, అంటరానివాళ్ళంటూ ఊరవతల ఉంచిన కులాలవాళ్ళు ఎక్కువ. ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోయే చోట ఆ సంతకం విలువెంతో మీ అబ్బాయిని ఒకసారి ఆలోచించమనండి. దొరతనం కింద బతికిన వాళ్ళందరికీ ఒకే దొర లేడు. కొందరికి ఊళ్ళోనే ఇంకో దొర ఉన్నాడు.

అలాగని పెద్దాయన మాటా పూర్తిగా ఒప్పుకోను. ఆయన తండ్రికి పెన్షన్ వచ్చింది కాబట్టి ఆ కాలం బాగుంది. మిగతా యానాంకి డిగ్రీ కాలేజీ వచ్చింది ఫ్రెంచివాళ్ళు పోయాకే. ఆ పెన్షన్ల కథలోనూ మెలిక ఉంది. తన జెండా కింద పోరాడిన సెనెగల్, మొరాకో, అల్జీరియా సైనికులకి వాళ్ళ దేశాలు స్వతంత్రం కాగానే ఫ్రాన్సు పెన్షన్లని ఉన్నచోటే గడ్డకట్టించింది. 1959 చట్టంతో మొదలైన తంతు అది. ఒకే యుద్ధంలో ఒకే కందకంలో ఉన్న ఇద్దరిలో ఫ్రెంచి పౌరుడి పెన్షన్ పెరుగుతూ పోయింది, రెండోవాడిది ఆగిపోయింది. ఇది రాజ్యాంగ విరుద్ధమని వాళ్ళ రాజ్యాంగ మండలి తేల్చేసరికి 2010 వచ్చింది. అప్పటికి ఆ సైనికుల్లో ఎంతమంది మిగిలి ఉంటారు? ఆ ఆఫీసు గుణగణాలు మాట్లాడుకునేటప్పుడు ఇదీ కలపాలి.

రాజకీయంగా మిగిలింది మాత్రం గీతే. 1979 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ఉండగా, పాండిచ్చేరి ముక్కల్ని పక్క రాష్ట్రాల్లో కలిపేద్దామన్న మాట వచ్చింది. పాండిచ్చేరి భగ్గుమంది. ఫ్రెంచి జెండా దించిన తరమే, ఫ్రెంచివాళ్ళు గీసిన హద్దు చెరపొద్దని వీధిలోకొచ్చింది. యానాంలో కూడా ఇవాళ ఎవర్నైనా అడగండి, "ఆంధ్రలో కలుస్తారా?" అని. ఎగాదిగా చూస్తారు. వాళ్ళకంటూ ఒక ఎమ్మెల్యే, వేరే కోటాలు, వేరే పన్నులు. ఎందుకు కలుస్తారు? ఆఫ్రికాలోనూ ఇదే జరిగింది. బెర్లిన్‌లో, లండన్‌లో, పారిస్‌లో కూర్చుని స్కేలు పెట్టి గీసిన హద్దుల్ని తిట్టుకుంటూ స్వతంత్రమైన దేశాలు, 1964లో కైరోలో కలిసి, ఆ హద్దులే మాకు ఖాయం అని తీర్మానం చేసుకున్నాయి. సోమాలియా, మొరాకో మాత్రం ఒప్పుకోలేదు. కదిలిస్తే అందరి ఇల్లూ కూలుతుందని మిగతావాళ్ళకి భయం. తప్పు పట్టలేం.

మీ అబ్బాయిని ఈసారి యానాం పంపండి, ఉత్త చేతులతో కాకుండా. పెద్దాయన్ని "ఏం బాగుండేది తాతయ్యా?" అని అడగమనండి. అడిగాక నోరు మూసుకుని వినమనండి. మా మిత్రుడింట్లో లాంటి ట్రంకుపెట్టె వాళ్ళింట్లోనూ ఉంటే చూపించమనండి.

ప్రశ్న: ధవళేశ్వరంలో కాటన్ విగ్రహానికి ఇప్పటికీ దండలేస్తున్నాం. పురోహితులు సంకల్పంలో ఆయన్ని భగీరథుడని స్మరిస్తారు. పరాయి పాలకుడి ఉద్యోగికి మొక్కడం సిగ్గుచేటు కాదా? ఆ విగ్రహాలు తీసేయాలి కదా?
– ఒక విద్యార్థి, ఆత్రేయపురం

జవాబు: బాబూ, మీ ఇంట్లో వరి అన్నం తినే ముందు ఈ ప్రశ్న వేశారా, తిన్నాకా?

వేళాకోళం సరే. ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు ఈ జిల్లా కరువులతో, వరదలతో చితికిపోయింది. జనం తగ్గిపోతున్నారు, వాళ్ళతోపాటు కంపెనీకి శిస్తూ తగ్గిపోతోంది. ఎందుకిలా అయిందో చూడమని మాంట్‌గోమరీని పంపితే 1844లో ఆయన నివేదిక ఇచ్చాడు. కంపెనీకి ఆనకట్ట లాభసాటి పెట్టుబడిగా కనిపించింది, పెట్టింది, పెట్టినదానికి మించి రాబట్టుకుంది. కాటన్ మాత్రం ఆ లెక్కని దాటి ఆలోచించిన మనిషి. రైళ్ళ మీద పోసే డబ్బు కాలవల మీద పెట్టమని సొంత ప్రభుత్వంతో జీవితాంతం పోట్లాడాడు. దండ ఆ మనిషికి వేస్తున్నాం, కంపెనీకి కాదు. విగ్రహం తీయకండి. పక్కన మాంట్‌గోమరీ రిపోర్టులోని శిస్తు లెక్కలు ఒక పలక మీద చెక్కించండి. రాళ్ళు మోసిన కూలీల ఊసు కూడా ఒక వరుస పడితే ఇంకా మంచిది. పంచాయతీలో డబ్బుల్లేవంటారు, చందా నేనిస్తాను.

ప్రశ్న: సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. ఫ్రాంట్జ్ ఫానన్ పేరు విన్నాను గాని మా సిలబస్‌లో లేదు. పరాయి పాలన వల్ల నిజంగా మానసిక రోగాలు వస్తాయా? లేక అది రాజకీయ ఉపన్యాసమేనా?
– ఒక డాక్టరు, గుంటూరు

జవాబు: డాక్టరుగారూ, మీ సబ్జెక్టు గురించి నన్ను అడగడం మీ పెద్ద మనసు. వైద్యం మీరే తూచుకోండి, నేను జరిగింది చెబుతాను.

ఫానన్ 1925లో మార్టినిక్ దీవిలో పుట్టాడు. నల్లవాడు, ఫ్రెంచి పౌరుడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడాడు, లియోన్‌లో వైద్యం చదివాడు. 1953లో అల్జీరియాలో బ్లిదా ఊరి పిచ్చాసుపత్రికి ఒక విభాగం పెద్దగా వచ్చాడు. అప్పటికి అక్కడ రాజ్యమేలుతున్న సిద్ధాంతం అల్జీర్స్ బడికి చెందిన ఆంత్వాన్ పొరో అనే ప్రొఫెసరుగారిది. ఉత్తరాఫ్రికా ముస్లిం పుట్టుకతోనే అబద్ధాలకోరు, దూకుడు మనిషి, మెదడు పైపొర సరిగ్గా పనిచేయదు, ఇదీ ఆ బడి సారాంశం. తిట్టు కాదండోయ్, వైద్యశాస్త్రం పేరుతో పాఠం. అది చదువుకున్న డాక్టర్లే కోర్టుల్లో సాక్ష్యాలు చెప్పేవారు.

ఫానన్ చేతికి 165 మంది యూరోపియన్ ఆడ రోగులు, 220 మంది ముస్లిం మగ రోగులు వచ్చారు. కట్లు విప్పించి, ఆసుపత్రినే ఒక చిన్న ఊరిలా నడపాలని చూశాడు. పత్రిక పెట్టాడు, సినిమాలు, పండగలు, అల్లికలు. యూరోపియన్ వార్డులో కొద్ది వారాల్లోనే మార్పు కనపడింది. ముస్లిం వార్డులో అదే మందు పారలేదు. మగవాళ్ళు బుట్టలల్లమంటే అది ఆడవాళ్ళ పని అని కూర్చున్నారు. పాటలు పాడమంటే పాడరు. చదవడం రాని చోట పత్రిక ఏం చేసుకుంటారు? పొరో శిష్యులైతే "చూశారా, మేం ముందే చెప్పాం" అనేవారు. ఫానన్, ఆయన దగ్గరి కుర్ర డాక్టరు అజులే, తప్పు మందుదేనని తేల్చారు. వార్డులో అరబ్బుల కాఫీ హోటల్ పెట్టించారు. ముస్లిం పండగలు చేయించారు. ఊళ్ళు తిరిగి కథలు చెప్పేవాళ్ళని పిలిపించారు. ఫుట్‌బాల్ మైదానం రోగులతోనే చేయించారు. అప్పుడు వార్డు కదిలింది. ఇంకో ప్రయోగంలో, బొమ్మలు చూపించి కథ చెప్పమనే పరీక్ష ముస్లిం స్త్రీల మీద పనిచేయలేదు. బొమ్మలో ఏముందో చెప్పారు గాని కథ అల్లలేదు. లేనిది కల్పించడం వాళ్ళ దృష్టిలో అబద్ధమాడటమే, పైగా ఆ బొమ్మల్లోని ఇళ్ళూ మనుషులూ వాళ్ళ లోకానివి కావు. మన పల్లెల్లో అమెరికా ప్రశ్నావళిని తెలుగు చేసి మార్కులేసే వాళ్ళందరూ ఈ ఒక్క ముక్క చదివితే చాలు.

ఇక యుద్ధం ముదిరాక వచ్చిన కేసులు. ఒకటి చెబుతాను. ఒక యూరోపియన్ పోలీసు ఉద్యోగి, ఖైదీల్ని చిత్రహింసలు పెట్టడమే పని, రాత్రుళ్ళు అరుపులు వినపడి నిద్ర పట్టక ఫానన్ దగ్గర వైద్యం చేయించుకుంటున్నాడు. ఒకరోజు ఆసుపత్రి ఆవరణలో నడుస్తుంటే అక్కడే చికిత్స పొందుతున్న అల్జీరియన్ ఒకడు ఎదురయ్యాడు. తాను హింసించిన మనిషే. పోలీసు చెట్టుకి ఆనుకుని చెమటలు కక్కుతూ వణుకుతున్నాడు. అతన్ని సర్ది, రెండోవాడు ఏమయ్యాడని వెతికితే, తనని మళ్ళీ పట్టుకెళ్ళడానికే పోలీసులొచ్చారని భయపడి మరుగుదొడ్డిలో చావబోతూ దొరికాడు. అలాంటిదేం లేదు, పొరబడ్డావని ఆసుపత్రి వాళ్ళు అతనికి నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. ఇంకో పోలీసు ఇన్‌స్పెక్టరైతే ఇంట్లో పెళ్ళాంపిల్లల్ని కొడుతున్నానని వచ్చాడు. ఉద్యోగం మానడట. మనసు చెదరకుండా ఆ పనే చేసుకునేలా వైద్యం చెయ్యమన్నాడు.

మీ ప్రశ్నకి నా జవాబు ఈ రెండు కేసుల్లోనే ఉంది. రోగం ఒకవైపే రాలేదు. 1956 ఆఖర్లో ఫానన్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. మనిషిని అతని సొంత గడ్డ మీదే పరాయివాణ్ణి చేసే వ్యవస్థని అలాగే ఉంచి, అందులో సర్దుకుపొమ్మని రోగికి చెప్పడం తన వల్ల కాదన్నాడు. ట్యునీషియా వెళ్ళి తిరుగుబాటుదారులతో చేరి, 1961 డిసెంబరు 6న లుకేమియాతో అమెరికాలో పోయాడు. 36 ఏళ్ళు. స్వతంత్ర అల్జీరియాని చూడలేదు. బ్లిదా ఆసుపత్రికి ఇప్పుడు ఆయన పేరే.

ఆయనతో నాకు పేచీ ఒకచోట ఉంది. తిరగబడి కొట్టడం అణగారినవాడి మనసుని కడిగేస్తుందని ఆయన గట్టిగా నమ్మాడు. ఆయన రోగుల కేసులే దానికి ఎదురు సాక్ష్యం. బాంబు పెట్టివచ్చినవాడు కూడా ఏటా ఆ తేదీ వచ్చేసరికి నిద్రకి దూరమయ్యాడు. అల్జీరియా 1962 జూలై 5న స్వతంత్రమైంది. మూడేళ్ళు తిరగకుండా 1965 జూన్‌లో రక్షణమంత్రి బూమెదియెన్ అధ్యక్షుడు బెన్ బెల్లాని దించేశాడు. ఫ్రెంచివాళ్ళ పక్షాన ఆయుధం పట్టిన స్థానికుల్ని, వాళ్ళని హర్కీలంటారు, వేల మందిని చంపారు. తప్పించుకుని ఫ్రాన్సు చేరినవాళ్ళని ఫ్రాన్సు ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టింది. వాళ్ళకి ఫ్రెంచి అధ్యక్షుడు క్షమాపణ చెప్పింది 2021లో. మరోవైపు, తెల్లవాడు ఖాళీ చేసిన కుర్చీలో మనవాడే కూర్చుని అదే బల్ల మీద అదే దర్పం చూపిస్తాడని ముందే హెచ్చరించినవాడూ ఫానన్‌నే. ఆ మాట మాత్రం ఏ కలెక్టరాఫీసుకి వెళ్ళినా గుర్తొస్తుంది. 1861 నాటి పోలీసు చట్టం చేత పట్టుకుని మనం ఎన్ని దశాబ్దాలు నడిచామో మీకు తెలుసు. మీ సిలబస్‌లో ఆయన ఎందుకు లేడో మీ ప్రొఫెసర్లని అడగండి, నాకూ రాయండి.

ప్రశ్న: మా నాన్నగారు చిన్నప్పుడు బర్మా నుంచి ఓడలో విశాఖ వచ్చారు. రంగూన్‌లో మా తాతగారి కొట్టుని అక్కడి ప్రభుత్వం జాతీయం చేసి లాక్కుందట. మా ఇంట్లో అందరూ బర్మావాళ్ళని తిడతారు. ఈమధ్య ఎవరో "మీరు అక్కడ ఇంగ్లీషువాళ్ళ తోక పట్టుకుని దోచుకోవడానికి వెళ్ళినవాళ్ళు" అన్నారు. బాధేసింది మాస్టారూ. మేం దోపిడీకి గురైనవాళ్ళమా, దోచుకున్నవాళ్ళమా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఈ ఉత్తరం కోసమే మిగతావి తొందరగా ముగించాలనుకున్నాను, కుదరలేదు.

రంగం వెళ్ళడం, రంగూన్‌ని మనవాళ్ళు అలాగే అనేవారు, మన తీరంలో మూడు నాలుగు తరాల బతుకు. గంజాం నుంచి గోదావరి దాకా కరువొచ్చినా, అప్పైనా, ఇంట్లో తగాదా వచ్చినా ఓడెక్కేయడమే. యానాం పక్కనున్న మన కోరంగి రేవు పేరుమీదే బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలనేవారు. మేస్త్రీ ముందే బయానా ఇచ్చి, ఓడ టికెట్టు కొని తీసుకెళ్ళేవాడు. అక్కడికెళ్ళాక కూలిలోంచి బాకీ కోసుకునేవాడు. ఒక్కో గదిలో పదుల మంది వంతులవారీగా పడుకునేవారు. బర్మాని ఇంగ్లీషువాళ్ళు 1937 దాకా ఇండియాలో ఒక రాష్ట్రంగానే ఉంచారు కాబట్టి వెళ్ళడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్ళే, అంటే ఇండియన్లే.

ఇప్పుడు బర్మా మనిషి కిటికీలోంచి చూడండి. రేవులో కూలీ ఇండియన్, రైల్లో టికెట్టు కొట్టేవాడు ఇండియన్, పోలీసు ఇండియన్, అప్పిచ్చేవాడు ఇండియన్. తమిళ చెట్టియార్ల చేతికి 1930ల చివరికల్లా దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో నాలుగోవంతు భూమి వెళ్ళిపోయింది. దోచుకోవడానికి వచ్చిన చెట్టియార్లు కారు, ధాన్యం ధరలు పడిపోయి బాకీలు తీరక భూములు అలా చేతులు మారాయి. పోగొట్టుకున్నవాడికి ఆ తేడా ఎందుకు పట్టాలి? ఇంగ్లీషు దొర ఎక్కడో బంగళాలో ఉంటాడు. ఎదురుగా కనపడేది మనవాడే.

1930 మేలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని తెచ్చుకున్నాయి. రాజీ కుదరగానే బర్మావాళ్ళని పొమ్మన్నాయి. మొదటిసారి దొరికిన పని పోయినవాళ్ళకీ, పని తిరిగి దక్కినవాళ్ళకీ మధ్య మొదలైన గొడవ ఊరంతా పాకి వంద మందికి పైనే చచ్చిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువ మంది మన కూలీలు. కంపెనీల ఓడలు మళ్ళీ మామూలుగా తిరిగాయి. మీకు ఆ మాటన్నాయనకి ఈ సంఘటన చెప్పండి. ఇందులో ఎవరు ఎవర్ని దోచుకున్నారో ఆయన్నే తేల్చమనండి.

బర్మా 1948 జనవరి 4న స్వతంత్రమైంది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోండన్నారు. మనవాళ్ళలో చాలామంది పెట్టుకోలేదు. కొందరికి ఆ సంగతే తెలియదు. కొందరు, ఎప్పటికైనా ఊరెళ్ళిపోతాం కదా, ఎందుకని ఊరుకున్నారు. ఇంకొందరి దరఖాస్తులు ఆఫీసుల్లో మగ్గాయి. విదేశీయుడిగా రిజిస్టరైన కార్డు జేబులో పెట్టుకుని పుట్టిన ఊళ్ళోనే బతికారు. 1962 మార్చి 2న జనరల్ నెవిన్ అధికారం పట్టుకున్నాడు. తర్వాత రెండేళ్ళలో కొట్లు, గోదాములు జాతీయం చేసేశాడు. 1964 మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నాడు. దాదాపు మూడు లక్షల మంది ఇండియన్లు దేశం వదిలారు. మీ విశాఖలోని బర్మా క్యాంపు, మద్రాసులోని బర్మా బజారు అలా పుట్టినవే. బర్మా జాతీయవాదులకి అది విముక్తి. మీ తాతగారికి జీవితం తుడిచిపెట్టుకుపోవడం. రెండూ ఒకే సంతకంతో జరిగాయి.

అందుకని "మేం ఏ గట్టునున్నవాళ్ళం?" అని మొత్తంగా అడిగితే నేను చెప్పలేను. మీ తాతగారు రేవు కూలీగా మొదలుపెట్టి కొట్టు పెట్టారా, మేస్త్రీగా మొదలుపెట్టారా? అప్పులిచ్చేవారా? కొట్లో బర్మావాళ్ళు పనిచేసేవారా, వాళ్ళకి జీతమెంత? పౌరసత్వానికి దరఖాస్తు పెట్టారా, ఎందుకు పెట్టలేదు? ఇవి మీ నాన్నగారిని అడగండి. బర్మావాళ్ళని తిట్టడం ఆయనకి కొంత ఊరటనిస్తోంది కాబట్టి మొదట్లో చిరాకు పడొచ్చు. కార్డు, ఓడ టికెట్టు, క్యాంపులో ఇచ్చిన పత్రాలు ఏమైనా ఉంటే ఫోటో తీసి పంపండి. అసలు కాగితాలు పోస్టులో పంపొద్దు, మా ఆఫీసులో దాచే బీరువా తలుపు సరిగ్గా పడదు.